బెంగుళూరు మైదానాలలో నాలుగు ఆదివారాలు

మా అన్నయ్య ఫోను చేయడము మాని ఉత్తరము వ్రాశాడంటే సంగతి చిన్నది కాదని కవరు చూడగానే అనుకున్నాము. హిందూపురము నుండి వచ్చిన ఆ కవరులో ఒక్కటే కాగితము. "మనవాడు పి.యు.సి. మానేసి క్రికెట్టే ఆడతానని పట్టు పట్టాడు. మీ వదిన రెండు రోజులుగా సరిగా అన్నము తినడము లేదు. నువ్వు అక్కడే వున్నావు గదా, నాలుగు ఆటలు చూచి, వాడిలో సరుకు వున్నదో లేదో వ్రాయి. నువ్వేమంటే అదే" అని వ్రాశాడు.

ఆ చివరి మాట చదివి మాకు చెమటలు పట్టాయి. మనవాడు ఏణ్ణర్థముగా మల్లేశ్వరములో మా యింట్లోనే వుండి చదువుకుంటున్నాడు. పదిహేడేళ్ళవాడు. ఎడమ చేత్తో స్పిన్ వేస్తాడు. లీగులో కింది డివిజను క్లబ్బు ఒకదానికి ఆడతాడు. మాకు తెలిసినది అంతవరకే. తెల్లవారుజామున అయిదింటికి గేటు చప్పుడయితే వాడు వెళ్ళాడనీ, సాయంత్రము గుమ్మములో ఎర్రమన్ను రాలితే వాడు వచ్చాడనీ లెక్క. మాది మెట్రిక్ చదువు, ఆఫీసులో ఇరవై యేళ్ళుగా బిల్లులు సరిచూచే ఉద్యోగము. చిన్నప్పుడు వీధిలో రబ్బరు బంతితో ఆడి పొరుగువారి కిటికీ అద్దము పగులగొట్టడము తప్ప క్రికెట్టులో మాకు వేరే అర్హత యేమీ లేదు.

అయినా అన్నగారి మాట కాదనలేము. ఎనిమిదో క్రాసు దుకాణములో ఒక గళ్ళ నోటు పుస్తకము, ఒక పెన్సిలు కొన్నాము. నాలుగు ఆదివారాలు గడువు పెట్టుకున్నాము. మన సంఘములో కుర్రవాళ్ళను కోచింగులకు పంపుతున్న యిళ్ళు చాలా వున్నవి గనుక, మేము తిరిగిన తిరుగుడు వారికి పనికి వస్తుందేమోనని యిది వ్రాస్తున్నాము.

మొదటి ఆదివారము చిన్నస్వామి స్టేడియమునకే వెళ్ళాము. పిల్లవాణ్ణి తూచే ముందు వాడు చేరదలచిన జట్టును తూచాలి గదా అని మా వాదన. సంపిగె రోడ్డు స్టేషనులో మెట్రో యెక్కి, మెజస్టిక్‌లో మారి, కబ్బన్ పార్కులో దిగాము. మా యింటావిడ కూడా వచ్చింది. ఆ రోజు ఆట యేమీ లేదు. గేట్లు మూసి వున్నవి. చెట్ల కింద పుచ్చకాయ ముక్కలమ్మే మనిషి ఒక్కడే వున్నాడు. 2025 జూన్ 4న ఈ గేట్ల దగ్గరనే తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. ముందు రోజు రాత్రి బెంగుళూరు జట్టు పద్దెనిమిదో సీజనులో మొదటిసారిగా ఐపీఎల్ గెలిచింది, ఆ సంబరము చూడ వచ్చినవారే వాళ్ళంతా. మా యింటావిడ గేటు ముందు కాసేపు ఊరకే నిలబడి, "అంతా మనవాడి యీడు పిల్లలేనట గదా" అన్నది. మేము మాట్లాడలేదు.

తిరిగి నడుస్తూ వుంటే ఒక సంగతి తట్టింది. ఆ ఫైనలు ఆడిన పదకొండుగురిలో కర్ణాటకవాడు మయాంక్ అగర్వాల్ ఒక్కడే. అతడు కూడా గాయపడిన దేవదత్ పడిక్కల్ స్థానములో సీజను మధ్యలో వచ్చినవాడు. ఐపీఎల్ జట్టును వేలములో కొంటారు. అది వచ్చే యేడు యెట్లా వుంటుందో చెప్పాలంటే డబ్బు సంచీ చూడాలి. రాష్ట్రపు జట్టు అట్లా కాదు. అది మన వీధులలో పెరిగే పంట. వచ్చే అయిదేళ్ళలో అది యెట్లా వుంటుందో తెలియాలంటే పెద్ద స్టేడియము చూడడము వల్ల లాభము లేదు, చిన్న మైదానాలకు పోవాలి.

అట్లా అని పెద్ద స్టేడియము కథ చిన్నదేమీ కాదు. బొంబాయి జట్టు 1958-59 నుండి వరుసగా పదిహేను సార్లు రంజీ ట్రోఫీని తన అల్మారాలోనే పెట్టుకున్నది. ఆ అల్మారా తాళము తీసినది 1974లో యిక్కడే. సెమీ ఫైనలులో విశ్వనాథ్ 162, బ్రిజేష్ పటేల్ 106 చేశారు. ప్రసన్న బంతికి గవాస్కర్ వికెట్లు లేచిపోయాయి. ఆ యేడు ట్రోఫీ మొదటిసారి మన రాష్ట్రానికి వచ్చింది. 2015 నాటికి అట్లా ఎనిమిది సార్లు వచ్చింది. ఆ తరువాత పది సీజన్లు వరుసగా రానేలేదు.

ఈ విశ్వనాథ్‌కూ మనకూ ఒక చుట్టరికము వున్నది. 1967లో ఆ పొట్టి కుర్రవాడు మైసూరు జట్టు తరఫున మొట్టమొదటి రంజీ ఆట ఆడినది విజయవాడలో, మన ఆంధ్ర జట్టు మీద. చేసినది 230. రెండేళ్ళ తరువాత కాన్పూరులో మొదటి టెస్టు మొదటి ఇన్నింగ్సులో సున్న, రెండవ దానిలో 137. సున్న చూచి లేచి వెళ్ళిన ప్రేక్షకుడు యెవడైనా వుంటే పాపము జీవితమంతా బాధపడి వుంటాడు. నోటు పుస్తకము మొదటి పేజీలో, "ఒక్క ఆట చూచి తీర్పు చెప్పరాదు" అని వ్రాసుకున్నాము.

రెండవ ఆదివారము వాన. బసవనగుడి నేషనల్ కాలేజీ మైదానమునకు వెళ్ళి, పిచ్ మీద కప్పిన టార్పాలిను చూచి, గాంధీబజారులో విద్యార్థి భవన్ ముందు వరుసలో నిలబడి దోశ తిని వచ్చాము. దోశకు మాత్రము నూటికి నూరు మార్కులు.

ఆ సాయంత్రము అమెరికాలో వున్న మా మేనల్లుడు ఫోనులో దొరికాడు. వాడు అక్కడి బేస్‌బాల్ పిచ్చివాడు. మా పని విని పడి పడి నవ్వి, "మామయ్యా, యిక్కడ యీ పనికి జీతాలిచ్చి మనుషులను పెట్టుకుంటారు" అన్నాడు. అక్కడ పెద్ద జట్లు ముప్పై. ఒక్కొక్క జట్టు కింద నాలుగు మెట్లుగా నాలుగు చిన్న జట్లు, మొత్తము నూట యిరవై. 2021కి ముందు నూట అరవై వుండేవట, తగ్గించారు. కుర్రవాణ్ణి కింది మెట్టు మీద పెట్టి, యెక్కుతున్నాడా జారుతున్నాడా అని యేళ్ళ తరబడి చూస్తారు. కొట్టడము, బలము, పరుగు, విసురు, పట్టు అని విడదీసి, ఒక్కొక్క దానికి ఇరవై నుండి ఎనభై దాకా మార్కులు వేస్తారు. యాభై అంటే పెద్ద జట్టులో సాధారణమైనవాడని అర్థము. చిన్న జట్టులోని కుర్రవాడికి యెంతో కొంత జీతము కూడా వుంటుందట. ఇక్కడ క్లబ్బు రుసుము, బూట్లు, బస్సు ఖర్చు మా అన్నయ్య పంపుతాడు. మిగిలినది మా యింటావిడ పోపుల డబ్బాలో నుండి వస్తుంది.

మార్కుల పద్ధతి మాత్రము మా గుమాస్తా బుద్ధికి నచ్చింది. రాత్రి కూర్చుని గళ్ళు గీశాము. బంతి తిరుగుట, నేల మీద పడు చోటు, వేగము మార్చుట, ఫీల్డింగు, తీసిన వికెట్లు.

మూడవ ఆదివారము ఆలూరు ప్రయాణము. అక్కడ రాష్ట్ర క్రికెట్ సంఘము వారి మైదానాలు మూడు, పక్కపక్కనే వున్నవి. పూర్వమయితే తుమకూరు రోడ్డు బస్సులో ప్రాణము పోయేది. 2024 నవంబరు నుండి మెట్రో మాదావర దాకా పోతున్నది గనుక, సంపిగె రోడ్డులో యెక్కినవాళ్ళము అక్కడ దిగేదాకా కూర్చునే వున్నాము. పీణ్యా కార్ఖానాలు, గోదాములు, ఎగ్జిబిషను హాళ్ళు దాటాక ఆటో. ఆటో అతడు "క్రికెట్ గ్రౌండా సార్? మగ ఆడ్తానా?" అని అడిగాడు. కొడుకు కాదు, అన్న కొడుకు అన్నాము. "ఎల్ల ఒందే" అన్నాడు.

లోపల పచ్చటి మైదానము. మనుషులు నలభై మంది కూడా లేరు. వున్నవారిలో సగము తండ్రులు. వాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చోరు, ఒక్కొక్కరూ ఒక్కొక్క చెట్టు కింద చేరుతారు. తన కొడుకు ఔటయితే ముఖము పక్కవాడికి కనపడకూడదని కాబోలు. పెద్ద స్టేడియములో వేలమంది అరుపుల మధ్య కనపడని బరువు యిక్కడ ఆ చెట్ల కింద కనపడుతుంది.

స్కోరు వ్రాసే బల్ల పక్కన నీడ వుంటే నిలబడ్డాము. ఆ పెద్దాయన మా నోటు పుస్తకము చూచి కన్నడములో పలకరించి, మా మాటల యాస పట్టుకొని తెలుగులోకి దిగాడు. కోలారు వైపు వారట. భోజన విరామములో మా గళ్ళన్నీ ఓపికగా చదివారు. జట్టు సంగతి అడిగితే ఆయనే విప్పి చెప్పారు.

బ్యాటింగు గాదె నిండుగానే వున్నదన్నారు. 2024 జనవరిలో శివమొగ్గలో కూచ్ బిహార్ ట్రోఫీ ఫైనలు జరిగింది, అది పంతొమ్మిదేళ్ళ లోపు వారి పోటీ. దానిలో ప్రఖర్ చతుర్వేది అనే కుర్రవాడు ముంబయి మీద ఔటు కాకుండా 404 చేశాడు. ఆ ఫైనలులో అంతకు ముందు పెద్ద స్కోరు యువరాజ్ సింగ్ చేసిన 358. కర్ణాటక ఎనిమిది వికెట్లకు 890 చేసింది. మరుసటి యేడు జనవరిలో ఎడమచేతి వాటము స్మరణ్ చిన్నస్వామిలో పంజాబు మీద 203 చేశాడు. అదే నెలలో వడోదరలో విజయ్ హజారే ఫైనలులో విదర్భ మీద నూరు కొట్టాడు. దానితో ఆ ట్రోఫీ రాష్ట్రానికి అయిదవసారి వచ్చింది.

"ఆ ఫైనలులో అవతలి పక్కన కెప్టెను యెవరో తెలుసునా?" అని అడిగారు పెద్దాయన. కరుణ్ నాయర్. మన రాష్ట్రములో పెరిగినవాడే. 2016లో చెన్నైలో ఇంగ్లండు మీద 303 చేసి ఔటు కానివాడు. కొన్నాళ్ళకు పరుగులు తగ్గాయి, యిక్కడి జట్టులో చోటు పోయింది, 2023లో విదర్భకు వెళ్ళిపోయాడు. ఆ హజారే పోటీలో ఫైనలుకు ముందు ఏడు ఇన్నింగ్సులలో 752 పరుగులు చేసి ఒక్కసారే ఔటయ్యాడు. ఫైనలులో ఓడినా, రెండు నెలలు తిరగకుండా విదర్భకు రంజీ ట్రోఫీ తెచ్చిపెట్టిన వారిలో అతడొకడు. అక్కడి ఫైనలులో 86, 135 చేశాడు. ఆ జూనులో మళ్ళీ భారత టెస్టు జట్టులోకి వచ్చాడు. మన గాదెలో చోటు చాలదని బయట పెట్టిన బస్తా పొరుగువాడి యింట పండుగ చేయించింది. తూచేవాడికి త్రాసు వుంటే సరిపోదు, ఓపిక కూడా వుండాలి అన్నారు పెద్దాయన.

"మరి స్పిన్నో?" అన్నాము, గుండె కొట్టుకుంటూ వుండగా.

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకున్నారు. ప్రసన్న, చంద్రశేఖర్ పుట్టిన రాష్ట్రము. చిన్నప్పటి పోలియోతో సన్నబడిన కుడి చేత్తోనే చంద్రశేఖర్ 1971లో ఓవల్‌లో 38 పరుగులకు ఆరుగురిని తీశాడు. ఇవాళ అటువంటి చేయి వున్న పిల్లవాడు సెలక్షనుకు వస్తే వరుసలో నిలబడనిస్తారా? కుంబ్లే బంతి తిరగదన్నారు. 619 టెస్టు వికెట్లు తీసి 2008లో తప్పుకున్నాడు. ఆ తరువాత యీ రాష్ట్రము నుండి టెస్టు జట్టులో నిలిచిన స్పిన్నరు ఒక్కడూ లేడు. బ్యాటింగువాళ్ళు వచ్చారు, ఫాస్టు బౌలర్లు వచ్చారు, ఈ గది మాత్రము ఖాళీ. "మీవాడు ఎడమచేతివాడా? అయితే రఘురామ్ భట్ పేరు చెప్పండి వాడికి. 1982లో యిక్కడే రంజీ సెమీ ఫైనలులో ఆయన బంతి అంత తిరిగితే, గవాస్కరు అంతటివాడు కుడి చేయి మాని ఎడమ చేత్తో బ్యాటు పట్టాడు. అటువంటి బౌలరు కూడా ఆడినది రెండే టెస్టులు. అదీ చెప్పండి" అన్నారు.

లేచేటప్పుడు మా గళ్ళను మళ్ళీ ఒకసారి చూచి, ఒక లోపము పట్టారు. "బ్యాటు పట్టేవాడి లెక్క మా పుస్తకములో పూర్తిగా వుంటుంది. స్పిన్ వేసేవాడిది సగమే. క్యాచ్ జారిపోతే మా పుస్తకములో యెక్కదు. ఆ బంతికి పరుగులొస్తే అవి మాత్రము వాడి ఖాతాలో పడతాయి. మీరు ఆ గడి గీయలేదు."

ఇరవై యేళ్ళుగా లెక్కలు సరిచూచే మాకు ఆ మాట చెంపపెట్టు వంటిది. మెట్రోలో కూర్చుని, అడ్డగీత కొట్టి, "జారిన క్యాచులు" అని కొత్త గడి గీశాము.

నాలుగవ ఆదివారము మనవాడి ఆట. మేము వస్తున్నట్టు చెప్పలేదు. నగరము అంచున గడ్డి లేని మైదానము. ఒక ప్రక్క చింతచెట్టు, ఒక ప్రక్క కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లు. మనవాడిని పదవ ఓవరులో బౌలింగుకు పిలిచారు. మొదటి ఓవరులోనే స్లిప్పులో క్యాచి జారింది. రెండవ దానిలో లాంగాన్‌లో జారింది, నాలుగు పరుగులు. మరి కాసేపటికి వికెట్ కీపరు ఒకటి వదిలాడు. మనవాడు ఒక్కసారి కూడా చేతులు విసరలేదు, ఆకాశము వైపు చూడలేదు. టోపీ సర్దుకొని వెనక్కు నడిచి వచ్చాడు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువయితే లేచిపోయే పిల్లవాడేనా వీడు అనిపించింది.

ఆ పైన ఒక పొడుగాటి కుర్రవాడు ముందుకు వచ్చి ఆ అపార్టుమెంట్ల మీదికి సిక్సరు కొట్టాడు. బంతి వెదకడానికి పది నిమిషాలు పట్టింది. ఇక వేగముగా, చదునుగా వేస్తాడనుకున్నాము. భయపడ్డవాడు చేసేది అదే. మనవాడు ఇంకా నెమ్మదిగా, ఇంకా పైకి వేశాడు. పొడుగాటివాడు మళ్ళీ ముందుకు వచ్చాడు. బంతి తిరిగింది, ఈసారి కీపరు వదలలేదు.

చివరకు స్కోరు పుస్తకములో వాడి లెక్క 14 ఓవర్లు, 61 పరుగులు, ఒక వికెట్టు. ఆ అంకెలు చూస్తే యే సెలక్టరూ తల యెత్తడు. మా నోటు పుస్తకములో జారిన క్యాచులు మూడు. అవి పట్టి వుంటే వికెట్లు నాలుగు. అయితే నిజము వ్రాయాలి గదా. వాడి ఫీల్డింగు కూడా తీసికట్టుగానే వున్నది. కాళ్ళ సందున ఒక బంతి పోయింది. మేనల్లుడి కొలతలో తిరుగుడుకు అరవై, గుండెకు అరవై అయిదు, ఫీల్డింగుకు ముప్పై వేశాము. అభిమానము కొద్దీ అయిదు కలిపామేమోనని రాత్రి మళ్ళీ కొట్టి దిద్దాము.

ఆ రాత్రే ఉత్తరము వ్రాశాము. "అన్నయ్యా, సరుకు వున్నది. ఎంత వున్నదో చెప్పగలవాడు యీ ఊళ్ళో యెవడూ లేడు, మేము అసలే కాము. రాష్ట్రములో స్పిన్నర్ల గది ఖాళీగా వున్న మాట నిజమే, కాని దాని తలుపు ముందు వీడి వంటివాళ్ళు వందల మంది నిలబడి వుంటారు. ఇరవై మూడేళ్ళ లోపు వారి పోటీకి మన నాయుడుగారి పేరే పెట్టారు, సి.కె. నాయుడు ట్రోఫీ. వీడికి ఆ మెట్టు దాకా, అంటే ఆరేళ్ళు గడువు ఇద్దాము. పి.యు.సి. మానడానికి మాత్రము మేము ఒప్పుకోము. ప్రసన్న 1962లో టెస్టు ఆడిన తరువాత ఇంజనీరింగు చదువు కోసము దాదాపు అయిదేళ్ళు టెస్టులకు దూరముగా వున్నాడు. తిరిగి వచ్చి మొత్తము 189 వికెట్లు తీశాడు. కుంబ్లే కూడా ఇంజనీరే. వదినను అన్నము తినమను."

మనవాడికి ఉత్తరము చదివి వినిపించాము. చదువు మాట దగ్గర ముఖము ముడుచుకొని, రెండు రోజులు మాతో మాట్లాడలేదు. "ప్రసన్న కాలము వేరు, చిన్నాయనా. ఇప్పుడు అయిదేళ్ళు కనపడకపోతే పేరు కూడా గుర్తుండదు" అన్నాడు మూడో రోజున. దానికి మా దగ్గర జవాబు లేదు, నిజము చెప్పాలంటే ఇప్పటికీ లేదు. మేము చెప్పినది తప్పయితే వాడు మమ్మల్ని జీవితాంతము అనవచ్చు.

పోయిన వారము పంతొమ్మిదేళ్ళ లోపు వారి మొదటి జాబితా వచ్చింది. వాడి పేరు లేదు. వాడు పైనుండి కిందికి, కింది నుండి పైకి చదివి, ఫోను జేబులో పెట్టుకొని, రసాయన శాస్త్రము పుస్తకము తెరిచాడు. ఆ పేజీ అరగంట దాకా తిరగలేదు. మా యింటావిడ పాలు కాచి పెట్టి, మమ్మల్ని సైగ చేసి వంటింట్లోకి పిలిచింది.

తెల్లవారి అయిదింటికి గేటు చప్పుడయింది. ఆ వెంటనే మళ్ళీ గేటు తెరుచుకొని, వాడు కిటికీ దగ్గరకు వచ్చాడు. "చిన్నాయనా, ఈ ఆదివారము మైసూరు రోడ్డు వైపు ఆట. మీ పుస్తకము తెస్తారా? స్లిప్పులో ఈసారి వేరేవాడు నిలబడుతున్నాడు."